డికెన్స్ సినిమాకి కూర్చునే ముందు

పాత ఇంగ్లీషు నవల మీద తీసిన సినిమా చూద్దాం రండి అంటే ఇంట్లో రెండు జట్లు తయారవుతాయి. డిగ్రీలో ఆ నవలని నాన్‌డిటైల్‌గా చదివి గట్టెక్కినవాళ్లు ఒక జట్టు. తెర మీద పేర్లు పడుతుండగానే "ఇది పుస్తకంలో లేదు, ఫలానా పాత్రని ఎగ్గొట్టేశారు" అని పద్దు రాయడం మొదలుపెడతారు. ఆ గౌన్లు, ఆ గుర్రబ్బళ్లు, ఆ నత్తనడక మన వల్ల కాదు బాబూ అని ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి జారుకునేవాళ్లు రెండో జట్టు. ఈ రెండు జట్లనీ ఒకే సోఫాలో రెండు గంటలు కూర్చోబెట్టాలంటే ఏం చెయ్యాలో రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తా: సినిమాలో ఏమేం లేవో లెక్కపెట్టడం మానెయ్యండి. అంత లావు నవల రెండు గంటల్లో పట్టదు, ఆ సంగతి తీసినవాళ్లకి మనకంటే బాగా తెలుసు. ఆ పుస్తకం మొత్తంలోంచి దర్శకుడు దేన్ని గట్టిగా పట్టుకున్నాడు, దాని కోసం దేన్ని వదులుకున్నాడు, అది కనిపెడితే చాలు.

నిజానికి మనకిది కొత్త విద్యేం కాదు. యద్దనపూడి సులోచనారాణి నవలలు పత్రికల్లో సీరియల్‌గా చదివి, ఆ తర్వాత 1973లో 'మీనా'కీ, 1976లో 'సెక్రటరీ'కీ హాలుకెళ్లి, తను ఊహించుకున్న రాజశేఖరం వేరు తెర మీద నాగేశ్వరరావు వేరు అని ఇంటిదాకా వాదించుకుంటూ వచ్చిన అమ్మలూ పిన్నులూ ప్రతి ఇంట్లో ఉన్నారు. కన్యాశుల్కం సంగతైతే చెప్పనే అక్కర్లేదు. విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని తిరగరాసి బాగా పెంచారు, ఆఖరి అంకాల్లో కథంతా మన విశాఖపట్నంలోనే నడుస్తుంది. ఒక్క రాత్రిలో పూర్తిగా ఆడటం కష్టమైన ఆ నాటకాన్ని 1955లో సినిమాగా తీస్తే, అన్ని సీన్లూ ఉన్నాయా అని ఎవరూ అడగలేదు; రామారావు గిరీశమేనా, సావిత్రి మధురవాణేనా అని అడిగారు. ఆ కళ్లతోనే ఇంగ్లీషు నవలల్నీ చూడొచ్చు.

ముందు ఏది విక్టోరియా కాలపు నవలో, ఏది కాదో. ఆ రాణి 1837 నుంచి 1901 వరకు ఏలింది. వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు వైపు తిరిగినవాళ్లు ఆవిడ విగ్రహం చూసే ఉంటారు. కాబట్టి 1813లో వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ఈ లెక్కలోకి రాదు, గౌన్లు ఉన్నంత మాత్రాన సరిపోదు. డికెన్స్, బ్రాంటీ అక్కచెల్లెళ్లు, థాకరే, జార్జ్ ఎలియట్, హార్డీ, చివర్లో 1897లో 'డ్రాక్యులా', వీళ్లంతా వస్తారు. అన్నట్టు, కన్యాశుల్కం మొదటి అచ్చు, డ్రాక్యులా ఒకే ఏడాది బిడ్డలు.

ఇక దేనితో మొదలుపెట్టాలి అంటే నా సలహా సూటిగా ఒకటే: డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్', డేవిడ్ లీన్ 1946లో తీసినది, బ్లాక్ అండ్ వైట్, రెండు గంటలకి రెండు నిమిషాలు తక్కువ. అదే రచయిత 'బ్లీక్ హౌస్'తో మాత్రం మొదలుపెట్టకండి. బీబీసీ వాళ్లు 2005లో దాన్ని 15 ఎపిసోడ్లుగా తీశారు, చాలా బాగా తీశారు కూడా, కానీ మూడో ఎపిసోడ్‌కే మీ సోఫా ఖాళీ అవుతుంది. 'మిడిల్‌మార్చ్' అయితే పుస్తకం చదివినవాళ్లకే వదిలేయండి.

సినిమాకి ముందు పుస్తకం మొత్తం చదవాలా? అక్కర్లేదు. మొత్తం చదివి వెంటనే సినిమాకి కూర్చుంటే పైన చెప్పిన పద్దులవాళ్లలో మీరూ ఒకరవుతారు. 59 అధ్యాయాల్లో రెండే చదవండి: మొదటిది, ఎనిమిదోది. మొదటి దాంట్లో పిప్ అనే పిల్లాడు శ్మశానంలో తల్లిదండ్రుల సమాధుల దగ్గరుంటే కాలికి సంకెలతో ఒక ఖైదీ వచ్చి పట్టుకుంటాడు. ఎనిమిదో దాంట్లో అదే పిల్లాడు మిస్ హావిషమ్ ఇంటికి మొదటిసారి వెళ్తాడు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. ఫోన్‌లో చదవలేనివాళ్లు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి. వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, భయపడకండి, పైకి చదివితే అర్థమవుతాయి. ఈ నవల 1860 డిసెంబర్ నుంచి 1861 ఆగస్టు దాకా డికెన్స్ సొంత వారపత్రికలో వారం వారం వచ్చింది. సీరియల్ రాసేవాడికి తెలిసిన కిటుకులన్నీ అందులో ఉన్నాయి, ప్రతి భాగం చివర పాఠకుణ్ణి వచ్చే వారం దాకా వేలాడదీసి పోతాడు.

ఇంకో మూడు నాలుగు విషయాలు ముందే తెలిస్తే సినిమా మధ్యలో "అదేంటి, ఇదేంటి" అని ఆపక్కర్లేదు. ఆ రోజుల్లో ఖైదీలని నదిలో లంగరేసిన పాత ఓడల్లో ఉంచేవాళ్లు. తర్వాత కొందరిని ఆస్ట్రేలియా పంపేసేవాళ్లు, జీవితాంతం అని పంపినవాడు తిరిగి ఇంగ్లండ్‌లో అడుగుపెడితే ఉరి. కథలో సగం టెన్షన్ ఈ ఒక్క నియమం మీదే నిలబడింది. జెంటిల్‌మన్ అంటే మంచివాడని అర్థం కాదు, చేతులతో పని చెయ్యకుండా బతకగలిగినవాడని. డబ్బు సంగతి: పిప్‌ని జెంటిల్‌మన్ చెయ్యడానికి పేరు చెప్పని ఎవరో సొమ్ము ఇస్తుంటారు; 21వ పుట్టినరోజున లాయరు జాగర్స్ పిప్ చేతిలో 500 పౌండ్ల నోటు పెట్టి, ఇకపై ఏడాదికి ఇంత అంటాడు, బావ జో కొలిమి దగ్గర ఎంత సుత్తి కొట్టినా చూడలేని సొమ్ము అది. నవల రాసింది 1860లో అయినా కథ మొదలయ్యేది అంతకు యాభై ఏళ్ల వెనక, అందుకే రైలు ఎక్కడా కనపడదు, పిప్ లండన్ వెళ్లేది గుర్రబ్బండిలో.

టీవీ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. 1946 నాటి సినిమా బొమ్మ దాదాపు చతురస్రంగా ఉంటుంది, అంటే మీ టీవీకి అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి. రావాలి. "స్క్రీన్ నిండా రావట్లేదు" అని రిమోట్ తీసుకుని సాగదీసేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్ల చేతిలోంచి రిమోట్ లాక్కోండి. సాగదీస్తే ఇందులో వేసిన జీన్ సిమ్మన్స్ ముఖం పూరీలా అవుతుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో బొమ్మ కదలికని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ లాంటిది ఏ పేరుతో ఉన్నా ఆపెయ్యండి, అది ఆన్‌లో ఉంటే ఎంత గొప్ప సినిమా అయినా సాయంత్రం సీరియల్‌లా కనిపిస్తుంది. పగలు చూడొద్దు. సముద్రం వైపు కిటికీలున్న ఇళ్లలో, ముఖ్యంగా ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు, మధ్యాహ్నం వెలుతురు గోడలన్నిటి మీదా పడుతుంది, ఈ సినిమాలో సగం సీన్లు కొవ్వొత్తి వెలుగులో ఉంటాయి. గయ్ గ్రీన్‌కి ఫొటోగ్రఫీకి ఆస్కార్ వచ్చిన సినిమా ఇది, ఆ నలుపులు కనపడకపోతే ఇక చూసిందేముంది. రాత్రి ఎనిమిది దాటాక, ట్యూబ్‌లైట్ ఆర్పి చూడండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోవడానికి మొహమాటపడొద్దు. జో మాట్లాడే పల్లెటూరి ఇంగ్లీషు మన చెవికి ఎక్కదు, పైగా ఫ్యాన్ చప్పుడొకటి. ఇంటర్వెల్ మీరే ఇచ్చుకోవాలి: పిప్ లండన్ బయల్దేరేచోట ఆపి టీ పెట్టండి, బీచ్ నుంచి వచ్చేటప్పుడు మురీ మిక్చర్ కట్టించుకొస్తే ఇంకా మంచిది, కాకపోతే రెండో సగంలో నమిలే చప్పుడు వినపడకుండా ఇంటర్వెల్‌లోనే తినెయ్యండి.

ఇక సినిమా. మొదటి ఐదు నిమిషాలు కన్నార్పకండి. పుస్తకంలో ఈ చోట డికెన్స్ నవ్విస్తాడు. సమాధి రాళ్ల మీద అక్షరాల వంపులు చూసి ఆ పిల్లాడు తన నాన్న ఎలా ఉండేవాడో ఊహించుకుంటాడు. సినిమాలో పుస్తకం తెరుచుకుంటుంది, గొంతు నాలుగు మాటలు చదువుతుంది, గాలికి పేజీలు ఎగిరిపోతాయి, ఆ వెంటనే చిత్తడి నేల అంచున పెద్ద ఆకాశం కింద ఒక చిన్న పిల్లాడు పరుగు, దారిలో ఉరికొయ్యలు. తర్వాత శ్మశానంలో గాలి, చెట్ల కిర్రుకిర్రు, వాడు భయపడి వెనక్కి తిరిగి పరిగెత్తబోతే కెమెరా వాడితోపాటే తిరిగి తిన్నగా ఖైదీ మాగ్‌విచ్ గుండెకి గుద్దుకుంటుంది. నవ్వు వదిలేశాడు, భయం పట్టుకున్నాడు. ఇది గమనించారా, సినిమా మొత్తానికి తాళంచెవి మీ చేతికి వచ్చినట్టే, ఎందుకంటే లీన్ ఈ కథని భయంతోనూ చీకటితోనూ చెప్పాలని మొదటి రీల్లోనే తేల్చుకున్నాడు.

మిస్ హావిషమ్ ఇల్లు రాగానే ఎవరినీ మాట్లాడనివ్వకండి. పెళ్లి ఆగిపోయిన క్షణం దగ్గర, అంటే తొమ్మిదికి ఇరవై నిమిషాల తక్కువలో, గడియారాలన్నీ ఆపేసి, అదే పెళ్లి గౌనులో ఏళ్లకేళ్లు కూర్చున్న మనిషి. టేబుల్ మీద పెళ్లి కేకు, దాని నిండా సాలీళ్లు. మా పిన్ని ఈ సీను చూసి "ఏటే, ఆడు రాకపోతే ఈవిడ బతుకు ఆపేసుకోడవేటి, ఎదురు కేసు పెట్టక" అంది. ఇలాంటి మాటలకి ఎవరూ అడ్డు చెప్పొద్దు, క్లాసులో చెప్పే పాఠం కంటే ఇవే సినిమాని నడిపిస్తాయి. హావిషమ్ పెంచుకునే, పిప్ మనసుపడే పిల్ల ఎస్టెల్లాగా చిన్నప్పటి సీన్లలో కనిపించే జీన్ సిమ్మన్స్ 1989లో వచ్చిన టీవీ సీరియల్లో మిస్ హావిషమ్‌గా వేసింది, ఆ ముచ్చట ఇంటర్వెల్లో చెప్పుకోవచ్చు. పిప్ స్నేహితుడు హెర్బర్ట్‌గా వేసిన అలెక్ గిన్నెస్, ఇదే లీన్ 1984లో తీసిన 'ఎ పాసేజ్ టు ఇండియా'లో ప్రొఫెసర్ గాడ్బోలేగా తేలతాడు.

జో లండన్ వచ్చే సీను మాత్రం మనవాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు. పాడేరు వైపు నుంచో నర్సీపట్నం వైపు నుంచో నాన్న బియ్యం మూట, పచ్చడి సీసా పట్టుకుని మద్దిలపాలెం హాస్టల్ గేటు దగ్గర నిలబడితే, ఫ్రెండ్స్ చూస్తున్నారని తల దించుకున్న కుర్రాడి కథ అది. జో తన టోపీని ఎక్కడ పెట్టాలో తెలియక గూటి అంచున పెడతాడు, అది పడుతుంది, ఎత్తి మళ్లీ పెడతాడు, మళ్లీ పడుతుంది. కన్నబిడ్డలా పెంచినవాణ్ణి పట్టుకుని "సర్" అంటాడు. అందరూ నవ్వుతుంటే పిప్ ముఖం చూడండి. సినిమా అయ్యాక 27వ అధ్యాయం తెరవండి: డబ్బిచ్చి జోని రాకుండా ఆపగలిగితే ఆ డబ్బు ఇచ్చేసేవాణ్ణే అని పిప్ తనంతట తానే ఒప్పుకుంటాడు. పెద్దయ్యాక తన కథ తానే చెప్పుకుంటున్న మనిషి గొంతు అది. ఈ సిగ్గు పుస్తకంలో పేజీలకు పేజీలు నానుతుంది, సినిమాలో కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ఇక్కడే మొదటి జట్టువాళ్లకి ఒక న్యాయమైన ఫిర్యాదు దొరుకుతుంది, దొరకనివ్వండి.

మరి ఆర్లిక్ ఏడీ అని వాళ్లు అడుగుతారు. కొలిమి దగ్గర పనివాడు, పిప్ అక్కని కొట్టి మంచాన పడేసినవాడు, పిప్ లోపలి కోపానికి నీడలాంటి మనిషి. లీన్ వాణ్ణి పూర్తిగా లేపేశాడు. వాడు లేకపోతే పిప్ కాస్త మంచివాడైపోతాడు, కథలో హింసంతా ఖైదీల వైపుకి, ఆ పాడుబడ్డ ఇంటి వైపుకి జరిగిపోతుంది. లేనివాటిలో ఈ ఒక్కదాన్ని పట్టుకుంటే చాలు, మిగతా చిన్నా చితకా పాత్రల లెక్క అనవసరం.

ముగింపు సంగతి ఇప్పుడు చెప్తున్నాను, తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఈ ఒక్క పేరా దాటెయ్యండి. డికెన్స్ ముందు రాసిన ముగింపులో ఎస్టెల్లా వేరే పెళ్లి చేసుకుని ఉంటుంది, లండన్ వీధిలో ఇద్దరూ క్షణంసేపు ఎదురుపడి విడిపోతారు. స్నేహితుడైన రచయిత బుల్వర్ లిటన్ అది వద్దన్నాక మార్చి, కూలగొట్టేసిన ఇంటి ఖాళీ స్థలంలో మంచు విడిపోతుంటే ఇద్దర్నీ చెయ్యి పట్టుకుని నడిపించాడు. లీన్ ఈ రెండూ వదిలేసి మూడోది తీశాడు. ఇల్లు కూలలేదు, ఎస్టెల్లా అదే చీకటి గదిలో అదే కుర్చీలో కూర్చుని మరో హావిషమ్ కాబోతోంది. పిప్ ఆ కుళ్లిన పరదాలని చేతులతో పట్టి పీకి కింద పడేస్తాడు, వెలుతురు ఒక్కసారి గదిలోకి పడుతుంది, దుమ్ము లేస్తుంది. పుస్తకంలో ఇల్లే లేదు కాబట్టి పరదా పీకే ప్రసక్తే లేదు. మొదటి రీల్లో చీకటిని పట్టుకున్న దర్శకుడు చివర్లో ఆ లెక్క ఇలా సరిచేశాడు. నాకైతే డికెన్స్ ముందు రాసినదే ఇష్టం, కానీ సినిమాకి ఇదే కుదిరింది.

ఈ పద్ధతి అలవాటయ్యాక 'వుదరింగ్ హైట్స్'కి వెళ్లండి. 1939లో విలియం వైలర్ తీసినది. 34 అధ్యాయాల నవలలో నాయిక కేథీ 16వ అధ్యాయంలోనే చనిపోతుంది, సినిమా అక్కడితో ఆగి రెండో తరం కథంతా వదిలేసింది, ప్రేమకథని పట్టుకుంది. అయితే విశాఖలో కూర్చుని చూసేవాళ్లు ఇంకోటి గమనించాలి. నవలలో కథానాయకుడు హీత్‌క్లిఫ్ లివర్‌పూల్ వీధుల్లో దొరికిన నల్లని పిల్లాడు. వాణ్ణి చూసి పొరుగింటి దొర లాస్కర్ పిల్లాడేమో అంటాడు. లాస్కర్ అంటే ఇంగ్లీషు ఓడల్లో పనిచేసిన మన వైపు కళాసీ. సినిమాలో ఆ పాత్ర తెల్లవాడైన లారెన్స్ ఒలీవియర్‌కి వెళ్లింది. తెల్ల దొరసాని కేథీగా వేసిన మెర్లీ ఒబెరాన్ బొంబాయిలో పుట్టిన ఆంగ్లో ఇండియన్, ఆ సంగతి బయటపడితే అవకాశాలు రావని టాస్మానియాలో పుట్టానని చెప్పుకుంటూ బతికింది. పోర్టు ఊళ్లో పెరిగినవాళ్లకి ఈ తారుమారు ఒక్కసారి తెలిశాక ఆ సినిమా మామూలు ప్రేమకథలా కనపడదు.

'జేన్ ఐర్' కూడా అంతే. అందులో సెయింట్ జాన్ రివర్స్ అనే పాదిరీ ఉంటాడు, ఇండియా వెళ్లి మతప్రచారం చెయ్యాలని పట్టుదల, జేన్‌కి హిందుస్తానీ నేర్పిస్తాడు, పెళ్లి చేసుకుని తనతో రమ్మంటాడు. నవల 1847లో వచ్చింది. అంతకు చాలా ముందే, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగి, తెలుగు నేర్చుకుని, బైబిల్‌ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. ఐదారేళ్లు గడవకముందే ఇద్దరూ ఈ దేశంలోనే పోయారు. జేన్ ఊ అని ఉంటే ఆవిడ గతీ అలాంటిదే అయ్యేదేమో. 1943 సినిమాలో సెయింట్ జాన్‌ని తీసేసి, బడి దగ్గర ఎవరో డాక్టర్ రివర్స్‌ని పెట్టారు. 2011లో కేరీ ఫుకునాగా తీసినదాంట్లో తద్విరుద్ధం, కథే జేన్ పారిపోయి సెయింట్ జాన్ గుమ్మంలో పడటంతో మొదలవుతుంది. రెండూ ఒకే వారంలో చూడగలిగితే, ఒక్క పాత్ర ఉండటానికీ లేకపోవడానికీ కథ ఎంత మారుతుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇంగ్లీషు అస్సలు ఎక్కని పెద్దవాళ్లు ఉంటే సినిమాకి ముందు పాత్రల పేర్లు, చుట్టరికాలు నోటితో చెప్పేయండి, కథ చెప్పకండి. లేదా వాళ్లకి హిందీ దారి ఉంది. 'వుదరింగ్ హైట్స్' దిలీప్ కుమార్‌తో 1966లో 'దిల్ దియా దర్ద్ లియా' అయింది, 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' 2016లో కశ్మీర్ వెళ్లి 'ఫితూర్' అయింది, అందులో హావిషమ్ స్థానంలో టబూ ఉంటుంది. 'ఫితూర్'ని లీన్ సినిమా తర్వాతే చూడండి, ముందు చూస్తే ఆ మంచు, ఆ చినార్ ఆకులు కళ్లలో ఉండిపోయి లీన్ చిత్తడి నేల వెలవెలబోతుంది. 1998లో ఫ్లోరిడా, న్యూయార్క్‌లకి మార్చి తీసినది కూడా ఉంది. పిప్ పేరు ఫిన్ అయ్యాడు, బొమ్మలు గీస్తాడు, ఎటు చూసినా ఆకుపచ్చ రంగే. కాకపోతే దాన్ని పిల్లలూ పెద్దవాళ్లూ పడుకున్నాకే పెట్టండి.